ముగింపుకు జడిసిన సినిమాలు

2024 జూన్ 6న అమెరికాలో ఒకే పుస్తకం గురించి రెండు ప్రకటనలు వచ్చాయి. సుజాన్ కాలిన్స్ 'హంగర్ గేమ్స్' వరుసలో ఐదో నవల రాశారని, 'సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్' అనే ఆ పుస్తకం 2025 మార్చి 18న వస్తుందని ప్రచురణ సంస్థ స్కొలాస్టిక్ చెప్పింది. ఆ నవలను సినిమాగా తీస్తున్నామని, అది 2026 నవంబరు 20న విడుదలవుతుందని లయన్స్‌గేట్ స్టూడియో అదే రోజు చెప్పింది. అప్పటికి పాఠకుల్లో ఒక్కరూ ఆ నవలలో ఒక్క పేజీ చదివి ఉండలేదు. తెలుగు పాఠకులకు ఈ క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. మన దగ్గర నవల ముందు పత్రికలో సీరియల్‌గా నడిచేది. తర్వాత పుస్తకమై అద్దె లైబ్రరీల్లో చేతులు మారి అట్టలు నలిగేది. ఆ తర్వాతే ఏ నిర్మాతో రచయిత ఇంటి తలుపు తట్టేవాడు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1976లో తెరకెక్కేనాటికి ఆ కథ తెలియని చదువుకున్న ఇల్లు తక్కువ. పాఠకుల తీర్పు ముందు, సినిమా తర్వాత. అమెరికా టీనేజ్ నవలల విషయంలో ఇప్పుడు ఆ తీర్పు కోసం ఆగేవాళ్ళు లేరు. ఇది మంచిదా చెడ్డదా అని చాలామంది వాదించుకుంటున్నారు. నా ఉద్దేశంలో అసలు చూడవలసింది తొందర కాదు, ఇంకొకటి ఉంది. గత ఇరవై ఏళ్ళలో ఈ రకం సినిమాలు ఎక్కడ నిలబడ్డాయో ఎక్కడ కూలిపోయాయో వరుసగా చూస్తే అది బయటపడుతుంది.

ముందు ఈ రకం పుస్తకాలంటే ఏమిటో చెప్పుకోవాలి. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసే నవలలను అక్కడ యంగ్ అడల్ట్ పుస్తకాలంటారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1957లోనే ఈ వయసు వారి కోసం ఒక ప్రత్యేక విభాగం పెట్టుకుంది. మన దగ్గర చందమామ, బాలమిత్ర దాటిన పిల్లలు నేరుగా పెద్దల వారపత్రికల్లోకి వెళ్ళిపోయేవారు. మధ్యలో వాళ్ళకంటూ ఒక అర ఉండేది కాదు. అక్కడ ఆ అరకు పునాది వేసిన పుస్తకాల్లో ముఖ్యమైనది 1967లో వచ్చిన 'ది అవుట్‌సైడర్స్'. ఓక్లహామా రాష్ట్రంలోని టల్సా ఊరికి చెందిన ఎస్.ఇ. హింటన్ దాన్ని హైస్కూల్లో ఉండగా రాశారు. పేద కుర్రాళ్ళ గుంపుకూ డబ్బున్న కుర్రాళ్ళ గుంపుకూ నడిచే కొట్లాటల కథ అది. అందులో పిల్లలు చచ్చిపోతారు. ఆ చావులకు పెద్దవాళ్ళు వచ్చి అర్థం చెప్పరు. అర్థం వెతుక్కోవలసింది బతికి ఉన్న మరో కుర్రాడే. ఈ సాహిత్యానికి అప్పటినుంచీ అబ్బిన గుణం ఇదే. పిల్లల పుస్తకం చివరికి వచ్చేసరికి దీపం వెలిగించి, తలుపు వేసి, చదివేవాళ్ళను నిద్రపుచ్చుతుంది. యంగ్ అడల్ట్ నవల అలా చేయదు. ఇష్టపడిన పాత్రను పోగొట్టుకోవడం, గెలిచినా మిగలకపోవడం, మంచివాళ్ళనుకున్న వాళ్ళే మోసం చేయడం వంటి వాటిని పదిహేనేళ్ళ పాఠకుడి ముందు పెట్టి, మోయగలవని నమ్ముతుంది. ఆ నమ్మకం పుస్తకం అంతటా ఉన్నా, దాని బరువంతా పడేది ముగింపు మీద. కాబట్టి ఒక సినిమా ఆ పుస్తకానికి న్యాయం చేస్తుందో లేదో తెలియాలంటే, అది ముగింపుతో ఏం చేసిందో చూడాలి. కూలిపోయిన వరుసల్లో చాలా వాటికి అక్కడే దెబ్బ తగిలింది.

2007 డిసెంబరులో వచ్చిన 'ది గోల్డెన్ కంపాస్' దీనికి స్పష్టమైన ఉదాహరణ. ఫిలిప్ పుల్‌మన్ 1995లో రాసిన నవల చివర్లో లైరా అనే అమ్మాయి తన స్నేహితుడు రోజర్‌ను కాపాడి, తనతో ఎంతో దూరం తీసుకువెళుతుంది. తీరా చూస్తే, తీసుకువెళ్ళి అప్పజెప్పింది అతని ప్రాణం తీసేవాడికే. ఆ మనిషి ఆమె సొంత తండ్రి. పుస్తకానికి ఇది గుండెకాయ. న్యూ లైన్ సంస్థ ఆ ఘట్టాలను చిత్రీకరించింది కూడా. తర్వాత భయపడింది. వాటిని తీసేసి, పిల్లలిద్దరూ ఆశగా ఆకాశంలో ప్రయాణిస్తుండగా సినిమాను ఆపేసింది. రోజర్ చావును రెండో సినిమాకు దాచుకుంది. రెండో సినిమా రాలేదు. సుమారు 18 కోట్ల డాలర్లు పెట్టి తీసిన సినిమా అమెరికాలో 7 కోట్ల దగ్గర ఆగిపోయింది. మతసంస్థల నిరసన దెబ్బ తీసిందని కొందరంటారు. అది ఉన్నమాటే. అయితే మతసంస్థలకు నచ్చని భాగాలను నిర్మాతలు ముందే మెత్తబరిచేశారు. ఆ మెత్తదనం నిరసనకారులను ఆపలేకపోయింది, పుస్తకం చదివినవాళ్ళనూ దూరం చేసింది. అదే కథను బీబీసీ, హెచ్‌బీవో కలిసి 2019లో సీరీస్‌గా తీసినప్పుడు మొదటి సీజన్‌ను రోజర్ చావుతోనే ముగించాయి. ఆ సీరీస్ మూడు సీజన్లు నడిచి కథను చివరిదాకా చెప్పింది.

'డైవర్జెంట్' కథ ఇంతకన్నా బాధాకరం, ఎందుకంటే దాని ముగింపు ఇప్పటికీ తెర మీదికి రాలేదు. వెరోనికా రాత్ మూడు నవలలూ 2011, 2012, 2013లో వచ్చాయి. మూడో పుస్తకం 'అలీజియంట్' చివర్లో కథానాయిక ట్రిస్ ప్రాణత్యాగం చేస్తుంది. అప్పట్లో ఆ ముగింపు మీద పాఠకులు మండిపడ్డారు. రచయిత్రి తన నిర్ణయానికి కారణం వివరించుకోవలసి వచ్చింది. అంత కోపం వచ్చిందంటే ఆ అమ్మాయిని వాళ్ళు అంతగా సొంతం చేసుకున్నారని అర్థం. మొదటి రెండు సినిమాలూ ఒక్కొక్కటి 29, 30 కోట్ల డాలర్ల దాకా వసూలు చేశాయి. అప్పుడు స్టూడియో మూడో పుస్తకాన్ని రెండు ముక్కలు చేసింది. 2016 మార్చిలో వచ్చిన మొదటి ముక్కకు 11 కోట్లు ఖర్చయితే ప్రపంచమంతా కలిపి వచ్చింది 18 కోట్లకు కాస్త తక్కువ. అందులో థియేటర్ల వాటా పోను స్టూడియోకు మిగిలేది సగం. రెండో ముక్కను టీవీకి తీద్దామన్నారు, అదీ జరగలేదు. పుస్తకాలు చదవకుండా మూడు సినిమాలు చూసినవాళ్ళకు ట్రిస్ ఏమైందో నేటికీ తెలియదు. కథ దేనికోసం నడిచిందో ఆ ఘట్టం ముందే తెర దిగిపోయింది. 'హంగర్ గేమ్స్' తీస్తున్న లయన్స్‌గేట్ సంస్థే దీన్నీ తీసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. అప్పటికి జనానికి ఈ రకం కథల మీద మొహం మొత్తిందని, కూలిపోయిన భవిష్యత్ ప్రపంచం, దుష్ట ప్రభుత్వం, తిరగబడే అమ్మాయి అన్నవి మళ్ళీ మళ్ళీ చూసి విసిగిపోయారని, ముగింపుకూ దీనికీ సంబంధం లేదని విశ్లేషకులు అంటారు. విసుగు నిజమే. 2013 నుంచి 2016 దాకా వచ్చిన ఇలాంటి సినిమాల్లో సగం ఇప్పుడు ఎవరికీ గుర్తు లేవు. కానీ విసుగే అసలు కారణమైతే జేమ్స్ డాష్‌నర్ 'మేజ్ రన్నర్' వరుస కూడా ఆ గాలికే కొట్టుకుపోవాలి. అదీ భవిష్యత్ ప్రపంచమే, అక్కడా పిల్లల్ని బంధించి పరీక్షలు పెట్టే సంస్థే. దాని మూడో భాగం 'ది డెత్ క్యూర్' వచ్చింది 2018 జనవరిలో, అంటే 'అలీజియంట్' కుప్పకూలిన రెండేళ్ళకు. కథానాయకుడు డిలన్ ఓబ్రయన్ షూటింగ్‌లో తీవ్రంగా గాయపడటంతో సినిమా బాగా ఆలస్యమైంది కూడా. విసుగు ముదిరి, ప్రేక్షకులు మర్చిపోయే వ్యవధి దొరికి, ప్రతికూలతలన్నీ తోడయ్యాక కూడా ఆ సినిమా దాదాపు 29 కోట్ల డాలర్లు తెచ్చింది. ఖర్చు 6 కోట్ల పైచిలుకు. వాళ్ళు చివరి పుస్తకాన్ని విడగొట్టలేదు. పాఠకులు ఎక్కువగా ఇష్టపడ్డ న్యూట్ చనిపోతాడని తెలిసీ ఆ చావును తెర మీద చూపించారు. మూడు సినిమాల తేడా మొత్తాన్ని ఈ ఒక్క కారణానికి ముడిపెట్టను, ఖర్చులు వేరు, నటులు వేరు. అయినా విసుగు అనే మాటతో అంతా తేలిపోదని మాత్రం ఇది చూపిస్తుంది.

మరి 'హ్యారీ పోటర్' సంగతేమిటని అడగవచ్చు. చివరి పుస్తకాన్ని రెండు సినిమాలు చేయడం మొదలైంది అక్కడే, రెండూ ఘనంగా ఆడాయి. 'ట్వైలైట్' చివరి భాగమూ అంతే. నిజమే. అయితే 'డెత్లీ హాలోస్' మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య ఉన్నది ఎనిమిది నెలలు. దాని వెనుక 2001 నుంచి పెరుగుతూ వచ్చిన అభిమానం ఉంది. అక్కడ విడగొట్టింది ముగింపుకు చోటు ఇవ్వడానికి. దాన్ని చూసి మిగతా స్టూడియోలు నేర్చుకున్న పాఠం మాత్రం ముగింపును వాయిదా వేస్తే రెండుసార్లు టిక్కెట్లు అమ్మవచ్చునని. 'హంగర్ గేమ్స్' కూడా ఆ దారిలోనే నడిచింది. రెండో సినిమా 'క్యాచింగ్ ఫైర్' 2013లో సుమారు 86 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 'మాకింగ్‌జే' అనే మూడో పుస్తకాన్ని రెండు సినిమాలు చేశాక మొదటి భాగం 75 కోట్ల దగ్గరికి, రెండోది 65 కోట్ల దగ్గరికి దిగాయి. రెండూ కలిపి చూస్తే లాభమే, కాదనను. కానీ కాలిన్స్ మూడో పుస్తకం యుద్ధం గెలిచినవాళ్ళను యుద్ధం ఏం చేస్తుందో చెప్పే కథ. అందులో తొలిసగం అంతా దాచుకోవడం, ప్రచార వీడియోలు తీయడం. ఆ సగాన్నే విడిగా చూపి, దాని ఫలితం చూడటానికి ఏడాది ఆగమన్నారు. దర్శకుడు ఫ్రాన్సిస్ లారెన్స్ 2023లో ఆ విభజనకు తాను పూర్తిగా చింతిస్తున్నానని బాహాటంగా చెప్పారు. 'ది బ్యాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్' నవల ఐదు వందల పేజీలకు పైగా ఉన్నా ఆయన ఒకే సినిమాగా, రెండున్నర గంటలకు పైగా నిడివితో తీశారు, అది అదే ఏడాది విడుదలైంది. ఒక మంచి కుర్రాడు నియంతగా మారే కథ అది. చివర్లో నాయిక బతికిందో లేదో నవల చెప్పదు, సినిమా కూడా చెప్పలేదు. 10 కోట్ల ఖర్చుకు 34 కోట్ల పైచిలుకు వచ్చింది. పాత సినిమాల స్థాయి కాకపోయినా, స్టూడియో ఈ ప్రపంచాన్ని మళ్ళీ నమ్మడానికి అది సరిపోయింది.

సినిమా వేరు, పుస్తకం వేరు, ప్రతి వాక్యాన్నీ తెర మీద వెతకడం చాదస్తం అన్నది ఇంకో అభ్యంతరం. ఈ మాటతో నాకు పేచీ లేదు. నేను అడుగుతున్నది వాక్యాల పట్ల విధేయత కాదు. 2012 నాటి మొదటి 'హంగర్ గేమ్స్' సినిమా పుస్తకంలో లేని సన్నివేశాలు చాలా చేర్చింది. నవలంతా కథానాయిక కాట్నిస్ కళ్ళతోనే నడుస్తుంది, ఆమె చూడనిది మనకు తెలియదు. సినిమా మాత్రం పిల్లలు ఒకరినొకరు చంపుకునే ఆటను నడిపించే గది లోపలికి కెమెరాను తీసుకెళ్ళి, మీటలు నొక్కితే అడవికి నిప్పంటుకోవడం చూపించింది. అది కథకు చేసిన మేలు. ఆ మార్పు పుస్తకం చెప్పదలచుకున్నదాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. జెన్నీ హాన్ 'ది సమ్మర్ ఐ టర్న్‌డ్ ప్రెటీ'ని ప్రైమ్ వీడియో సీరీస్‌గా తానే దగ్గరుండి నడిపించినప్పుడు తన కథలో తానే ఎన్నో మార్చుకున్నారు. 2025 సెప్టెంబరులో అది ముగిసినప్పుడు చివరి ఘట్టానికి నడిచిన దారి నవలలో ఉన్న దారి కాదు. అయినా పాఠకులు తమను మోసం చేశారనుకోలేదు. దానికి ముగింపుగా ఒక సినిమా కూడా తీయబోతున్నారు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది 2010 నాటి 'పర్సీ జాక్సన్'. రిక్ రియర్డన్ పుస్తకంలో పర్సీకి పన్నెండేళ్ళు. పెద్ద పిల్లలు కూడా వస్తారని సినిమాలో వయసు పెంచేశారు. ఐదు పుస్తకాల వెనుక ఉన్న అసలు శత్రువు క్రోనస్‌ను మొదటి సినిమాలోంచి తీసేశారు. అంటే ఐదో పుస్తకం ముగింపుకు వెళ్ళే దారిని మొదటి అడుగులోనే మూసేశారు. ఇలా చేయవద్దని నిర్మాతలకు ముందే రాసిన ఉత్తరాలను రియర్డన్ తర్వాత బయటపెట్టారు. రెండో సినిమాతో ఆ వరుస ఆగిపోయింది. 2023 డిసెంబరులో డిస్నీ ప్లస్‌లో ఆయన భాగస్వామ్యంతో మొదలైన సీరీస్‌లో పిల్లలు పిల్లలుగానే ఉన్నారు. రెండో సీజన్ 2025 డిసెంబరులో వచ్చింది, మూడోది సిద్ధమవుతోంది. ఏ మార్పు కథను ముందుకు నడిపిస్తుంది, ఏ మార్పు భయంతో చేసింది అని తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు.

కుర్రవాళ్ళకు విషాదం నచ్చదు, డబ్బు పెట్టేవాడు జాగ్రత్తపడక తప్పదు అని కూడా అంటారు. దీనికి జవాబు తెలుగువాళ్ళకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 1953లో 'దేవదాసు' చివర గేటు ముందు ప్రాణం పోయే మనిషిని చూసి ఆంధ్రదేశం కన్నీళ్ళు పెట్టింది, మళ్ళీ మళ్ళీ వెళ్ళి పెట్టింది. విశాఖ తీరంలో నడిచిన 'మరో చరిత్ర' 1978లో కాలేజీ కుర్రకారు సినిమా. ఆ జంట బతకదు. తెలుగు రాని మద్రాసు ప్రేక్షకులు సైతం ఆ తెలుగు సినిమాను ఏడాదికి పైగా ఆడించారు. అమెరికాలో జాన్ గ్రీన్ 'ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' నవల క్యాన్సర్ ఉన్న ఇద్దరు పిల్లల ప్రేమకథ. 2014లో దాన్ని 1.2 కోట్ల డాలర్లతో తీస్తే 30 కోట్లు దాటి వచ్చాయి. ఎవరు చనిపోతారో థియేటర్లో కూర్చున్న అమ్మాయిల్లో సగం మందికి ముందే తెలుసు. అయినా వచ్చారు. ఆ కథే జంషెడ్‌పూర్‌కు మారి 2020లో హిందీ 'దిల్ బేచారా' అయింది, అక్కడా ముగింపు మారలేదు. ఇక 'ది అవుట్‌సైడర్స్' సినిమా అయిన తీరే ఈ ప్రశ్నకు అన్నిటికన్నా గట్టి జవాబు. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర ఒక బడి పిల్లలు, తమ లైబ్రేరియన్ సాయంతో, ఈ పుస్తకాన్ని సినిమా తీయమని ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలాకు ఉత్తరం రాసి సంతకాలు పెట్టి పంపారు. ఆయన తీశారు. 1983లో విడుదలైనప్పుడు స్టూడియో ఒత్తిడితో గంటన్నరకు కుదించారు. పుస్తకంలోని చాలా భాగం ఎగిరిపోయింది. పిల్లల నుంచి ఏళ్ళ తరబడి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, మా సన్నివేశాలు ఏవని. 2005లో కొపోలా ఇరవై రెండు నిమిషాలు తిరిగి చేర్చి, మొదలూ చివరా నవలకు దగ్గర చేసి మళ్ళీ విడుదల చేశారు. కఠినంగా ఉన్నదాన్ని తీసేయమన్నది పిల్లలు కాదు. వాళ్ళు తిరిగి ఇవ్వమని అడిగారు.

ఇప్పుడు మొదట చెప్పిన పుస్తకానికి వద్దాం. 'సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్' మొదటి వారంలోనే ఇంగ్లీషులో పదిహేను లక్షల ప్రతులు అమ్ముడైంది. హైదరాబాదు, విజయవాడ ఇంగ్లీషు మీడియం పిల్లలూ, డల్లాస్, న్యూజెర్సీల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలూ చదివేది ఇంగ్లీషులోనే కాబట్టి వాళ్ళకు ఇది అందుబాటులో ఉన్న పుస్తకం. కథ కాట్నిస్ పుట్టకముందు, మొదటి నవలకు ఇరవై నాలుగేళ్ళ వెనుక జరుగుతుంది. ప్రతి ఏడాదీ పన్నెండు జిల్లాల నుంచి ఇద్దరేసి పిల్లల్ని చీటీ తీసి, ఒకరినొకరు చంపుకునే ఆటకు పంపే దేశం అది. యాభయ్యో ఏడు కాబట్టి ఈసారి సంఖ్య రెట్టింపు, నలభై ఎనిమిది మంది. వాళ్ళలో పదహారేళ్ళ హేమిచ్ ఒకడు. పాత సినిమాల్లో వుడీ హారెల్సన్ వేసిన తాగుబోతు గురువు పాత్ర ఇతనే. హేమిచ్ గెలుస్తాడని పాఠకులకు 2008 నుంచీ తెలుసు, లేకపోతే ఆ గురువు బతికి ఉండడు. గెలిచిన రెండు వారాలకే అతని తల్లీ, తమ్ముడూ, ప్రేమించిన అమ్మాయీ మిగలలేదని 2010లోనే కాలిన్స్ చెప్పేశారు. అంటే ముగింపు పదిహేనేళ్ళుగా అందరి చేతిలో ఉన్న పుస్తకం ఇది. తెలిసిన చావులవైపు నాలుగు వందల పేజీలు నడవమని ఆమె అడిగారు, లక్షల మంది నడిచారు. ముగింపును దాచిపెడితేనే జనం వస్తారనే లెక్కకు ఇంతకు మించిన సమాధానం ఉండదు.

ముగింపు తెలిసినా ఆ పుస్తకంలో తెలియనిది ఒకటి ఉంది. 2009 నాటి 'క్యాచింగ్ ఫైర్' నవలలో కాట్నిస్, ఆటలో ఆమె తోటి పోటీదారు పీటా కలిసి పాత ఆటల వీడియో టేపు చూస్తారు. యాభయ్యో ఆటల్లో హేమిచ్ ఎలా గెలిచాడో ఆ టేపులో కనిపిస్తుంది. పాఠకులు పదహారేళ్ళ పాటు అదే జరిగిందనుకున్నారు. కొత్త నవల ఆ నమ్మకాన్ని పట్టుకుని కుదుపుతుంది. టేపు అబద్ధం కాదు, అందులో ఉన్న దృశ్యాలు చాలావరకు జరిగినవే. కానీ ఏది ఉంచాలో, ఏది తీసేయాలో, దేని తర్వాత దేన్ని అతికించాలో ప్రభుత్వం నిర్ణయించింది. ఎంపిక రోజు చీటీ తీసే ఘట్టం దగ్గరే, టీవీలో వెళ్ళింది వేరు, అక్కడ జరిగింది వేరు అని మొదటి అధ్యాయాల్లో తెలిసిపోతుంది. చదవని వాళ్ళ కోసం అంతకు మించి చెప్పను. కొద్దిమంది చాలామందిని ఇంత సులువుగా ఎలా ఏలగలుగుతున్నారని పద్దెనిమిదో శతాబ్దపు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ వేసిన ప్రశ్నే తనను ఈ కథవైపు నడిపించిందని కాలిన్స్ పుస్తకం ప్రకటించినప్పుడే చెప్పారు. ఆ ప్రశ్నకు ఆమె వెతికిన జవాబుల్లో ఎడిటింగ్ ఒకటి. పద్నాలుగేళ్ళ పిల్లవాడు రోజూ ఫోన్‌లో చూసే ముప్పై సెకన్ల వీడియోను ఎవరో కత్తిరించారని, కత్తిరించిన చేతికి ఒక ఉద్దేశం ఉంటుందని ఇంత సూటిగా చెప్పిన నవల ఆ వయసు వాళ్ళ కోసం ఈ మధ్య వచ్చినట్టు నాకు తోచదు.

సినిమాకు ఇక్కడే పరీక్ష ఎదురవుతుంది. 2013 నాటి 'క్యాచింగ్ ఫైర్' సినిమాలో ఆ టేపు చూసే సన్నివేశం లేదు, నిడివి కోసమో మరెందుకో వదిలేశారు. కాబట్టి సినిమాలు మాత్రమే చూసినవాళ్ళకు అధికారిక కథ తెలియదు. అబద్ధం తెలియని ప్రేక్షకుడికి నిజం చెబితే అది కేవలం ఒక కథగా మిగిలిపోతుంది, కుదుపు ఉండదు. రెండింటినీ దర్శకుడు ఒకే సినిమాలో చూపించాలి. దేశమంతా టీవీల్లో చూసింది, ఆ కుర్రాడు బతికింది, రెండూ పక్కపక్కన ఉండాలి. పుస్తకంలో ఇది హేమిచ్ గొంతుతో తేలిగ్గా జరిగిపోతుంది, తెర మీద దానికి కొత్త దారి కనుక్కోవాలి. మళ్ళీ ఫ్రాన్సిస్ లారెన్సే తీస్తున్నారు. మొదటి సినిమాకు కాలిన్స్‌తో కలిసి పనిచేసిన బిల్లీ రే స్క్రీన్‌ప్లే రాశారు. హేమిచ్‌గా ఆస్ట్రేలియా కుర్రాడు జోసెఫ్ జాడా, అధ్యక్షుడు స్నోగా రాల్ఫ్ ఫైన్స్, కెమెరాల వెనుక ఉండే ప్లూటార్క్‌గా జెసీ ప్లెమన్స్ నటిస్తున్నారు. నన్ను ఆశపెడుతున్నది ప్లూటార్క్ పాత్రకు అంత పెద్ద నటుణ్ణి తీసుకోవడం. కెమెరా పట్టుకున్నవాడు కథలో ముఖ్యుడని వాళ్ళకు అర్థమైందనిపిస్తుంది.

పుస్తకం, సినిమా ఒకే రోజు ప్రకటించారంటే ఇది సినిమా కోసమే రాసిన పుస్తకమని, సాహిత్యం స్టూడియో క్యాలెండరుకు లొంగిపోయిందని ఆందోళన పడేవాళ్ళున్నారు. ఆ ఆందోళనలో కొంత న్యాయం ఉంది. ఈ వ్యాపారంలో స్టూడియోలు సాధారణంగా నవల హక్కులను ఆప్షన్ పద్ధతిలో తీసుకుంటాయి. కొంత సొమ్ము ఇచ్చి, ఫలానా గడువు వరకు ఈ కథ ఇంకెవరికీ ఇవ్వకూడదని రాయించుకుంటాయి. గడువు తీరితే హక్కు రచయితకు తిరిగి వస్తుంది. ఇలా కట్టిపడేసిన నవలల్లో తెర చూసేవి కొన్నే. టోమీ అడెయెమీ 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్' హక్కులను పుస్తకం రాకముందే 2017లో ఫాక్స్ సంస్థ తీసుకుంది. ఫాక్స్‌ను డిస్నీ కొన్నాక ఆ కథ లూకాస్‌ఫిల్మ్‌కు, అక్కడి నుంచి పారమౌంట్‌కు చేతులు మారింది. ఈలోపు మూడు నవలల వరుస 2024లో పూర్తయింది. జీనా ప్రిన్స్-బైత్‌వుడ్ దర్శకత్వంలో సినిమాకు 2027 జనవరి 15 తేదీ వేశారు. నైజీరియా మూలాలున్న ఆ రచయిత్రి యోరుబా పురాణాల మీద అల్లిన కథ అది. అమెరికాలో పోలీసుల తూటాలకు బలైన నల్లజాతి పిల్లల వార్తలే తనచేత రాయించాయని ఆమె పుస్తకం వెనుక రాసుకున్నారు. ఆ కోపాన్ని మాయాజాలపు వెలుగుల్లో కరిగించేస్తే పురాణం మాత్రం మిగిలి పుస్తకం పోతుంది. ముందే అమ్ముడుపోయిన కథకు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కానీ అడెయెమీ పుస్తకాన్ని స్టూడియో మెత్తబరచలేదు, అది పదును తగ్గకుండానే వచ్చింది. కాలిన్స్ విషయంలోనూ అంతే. ఆమె నవలలకు ముందు పిల్లల టీవీ కార్యక్రమాలకు రాసిన మనిషి, తెర ఎలా పనిచేస్తుందో లోపలినుంచి తెలుసు. ఒక చానెల్లో రియాలిటీ షో, పక్క చానెల్లో ఇరాక్ యుద్ధం చూస్తుండగా రెండూ ఒకదానిలోకి ఒకటి జారిపోయి 'హంగర్ గేమ్స్' తట్టిందని ఆమె చెప్పిన సంగతి అందరికీ తెలిసిందే. సినిమా తేదీ ఖాయమయ్యాక కూడా స్టూడియోకు ఏమాత్రం అనుకూలం కాని కథనే ఇచ్చారు. నాయకుడు గెలిచి సర్వం పోగొట్టుకుంటాడు. తిరుగుబాటు విఫలమవుతుంది. అది ఫలించేది మరో పాతికేళ్ళకు, వేరే మనుషుల చేతుల్లో. తొందర ఆమె చేతిని వంచలేదు. సినిమాలో ఎవరి చేయి వంగుతుందో 2026 నవంబరులో తేలుతుంది.

ఈ సినిమా ముగింపును ఎలా మలుస్తారో నాకు తెలియదు గానీ, దాని బరువు ఎంతో ఒక చిన్న సంగతి చెబుతుంది. 2008లో వచ్చిన మొదటి పుస్తకం మొదటి అధ్యాయాల్లోనే ఎంపిక జరిగే రోజున, దేశమంతా టీవీల్లో చూస్తుండగా, హేమిచ్ తప్పతాగి వేదిక మీదికి వచ్చి తూలి కింద పడిపోతాడు. చదివినవాళ్ళు నవ్వుకున్నారు. ఎంపిక జరిగేది ప్రతి ఏటా ఒకే తేదీన. హేమిచ్ పుట్టినరోజు కూడా అదేనని కాలిన్స్ 2025 దాకా చెప్పలేదు.